దాచిన రోగం, కుదిర్చిన సంబంధం

ఈ శీర్షికకు అందే ఉత్తరాలలో సగానికి పైగా నికాహ్ సంబంధాల గురించినవే. మెహర్ ఎంత ఉండాలి, వలీమా ఎవరి బాధ్యత, పెద్దలు ఒప్పుకోని సంబంధానికి పిల్లలు పట్టుబడితే ఏమి చేయాలి, ఇటువంటివి. ఫిఖ్హ్ గ్రంథాలు తెరిస్తే వాటికి సమాధానం దొరుకుతుంది. ఈ నెల మేము చేతికి తీసుకున్న ఉత్తరం ఆ కోవలోనిది కాదు. ఇందులో ధర్మశాస్త్రం చెప్పవలసినది కొంత ఉన్నది, వైద్యశాస్త్రం చెప్పవలసినది అంతకంటె ఎక్కువ ఉన్నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఒక అమ్మాయి కాపురానికీ, ఒక అబ్బాయి ప్రాణానికీ ముప్పు రావచ్చును.

ఉత్తరం విశాఖపట్నంలోని గాజువాక ప్రాంతం నుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె పేరు, వీధి వెల్లడించడం లేదు. ఆమె పెద్ద కుమారునికి 19 ఏళ్లు. ఏడెనిమిదేళ్ల ప్రాయంలో అతని మెడ మీద, ఛాతీ మీద శోభి వంటి మచ్చలు కనిపించాయి. తరువాత చేతుల వెనుక భాగాన, నుదుటి మీద చదునైన పులిపిరులు లేచాయి. శోభి అనుకొని ఏళ్ల తరబడి పూతమందులు వాడారు, తగ్గలేదు. ఒకరు చేతబడి అన్నారు, తావీదు కట్టారు. మరొకరు కుష్ఠు అని గుసగుసలాడారు. ఇంకొకరు సున్నం, సోడా కలిపి పులిపిరులను కాల్చారు; పుండు పడి మచ్చ మిగిలింది. ఈ మధ్యనే ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపి, ఇది వంశపారంపర్యంగా వచ్చే అరుదైన వ్యాధి అని తేల్చి, కాగితం మీద ఒక పొడవాటి పేరు వ్రాసి ఇచ్చారు: ఎపిడెర్మోడిస్‌ప్లేసియా వెరుసిఫార్మిస్.

ఆ తల్లి వేదన అక్కడితో ఆగలేదు. అబ్బాయి తరువాతది అమ్మాయి, 20వ ఏడు నడుస్తున్నది, ఏ మచ్చా లేని ఆరోగ్యవంతురాలు. ఆమెను అనకాపల్లిలో ఉన్న ఖాలా కుమారునికి ఇవ్వాలని చిన్నప్పటి నుండి అనుకున్న మాట. ఇప్పుడు తల్లికి భయం పట్టుకున్నది. ఇంటి పెద్దలేమో, "సొంత చెల్లెలి ఇంటికి పిల్లనివ్వకపోవడం రక్తసంబంధాన్ని తెంచడమే, అది పాపం" అంటున్నారు. "అబ్బాయి జబ్బు పేరు అనకాపల్లి వారికి చెప్పనక్కర లేదు" అని కూడా అంటున్నారు. మరో వంక, అబ్బాయిని ఐ.టి.ఐ.లో వెల్డర్ శిక్షణలో చేర్పించాలని తండ్రి నిశ్చయించారు. ఉక్కునగరంలో వెల్డర్‌కు పని దొరకకపోవడం ఉండదు గదా అని ఆయన ఆలోచన. "మౌలానా సాబ్, నేను ఎవరి మాట వినాలి?" అని ఆ తల్లి అడిగారు.

సోదరీ, ముందు ఆ పొడవాటి పేరు సంగతి చూద్దాము.

1922లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగర వైద్యులు లెవాండొవ్‌స్కీ, లుట్జ్ అనే ఇద్దరు ఈ వ్యాధిని తొలిసారి వర్ణించారు. ఆ మరుసటి ఏడాది, 1923లో, మన విశాఖలో వైద్య కళాశాల ప్రారంభమైనది. అంటే ఈ వ్యాధి ఎరుకకు, మన ఆంధ్ర వైద్య కళాశాలకు ఇంచుమించు ఒకే వయస్సు. తొలినాళ్లలో దీనిని పుట్టుమచ్చ జాతిగా భావించినవారు ఉన్నారు. దీని వెనుక పులిపిరులు కలిగించే వైరస్ ఉన్నదని, ఆ పులిపిరులు కొందరిలో క్యాన్సర్‌గా మారుతున్నాయని వార్సా నగరపు వైద్యురాలు స్తెఫానియా యబ్లోన్‌స్కా, పారిస్ శాస్త్రవేత్త జెరార్ ఓర్త్ 1970వ దశకంలో గట్టిగా నిరూపించారు. ఒక వైరస్ కుటుంబానికీ మనిషి క్యాన్సర్‌కూ ఉన్న లంకెను చూపిన తొలి వ్యాధులలో ఇది ఒకటి. ఇదే కుటుంబంలోని వేరే రకాలు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని కనుగొన్నందుకు జర్మనీకి చెందిన హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఆ వైరస్ కుటుంబం పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. అందులో 200కు పైగా రకాలున్నాయి. వాటిలో 5, 8 వంటి కొన్ని రకాలు మీ చర్మం మీదా, మా చర్మం మీదా కూడా ఉండవచ్చును. పసితనంలోనే వచ్చి చేరుతాయి, నోరు మెదపని అద్దెదారుల వలె ఒక మూల పడి ఉంటాయి, మనకు తెలియను కూడా తెలియదు. చర్మకణాలలో వాటిని అదుపులో ఉంచే ఒక గడియ ఉన్నది. ఆ గడియకు సంబంధించిన రెండు జన్యువులను 2002లో గుర్తించారు, మూడవదానిని 2018లో. ఈ మూడింటిలో ఏ ఒక్కటి పూర్తిగా చెడినా గడియ పడదు. అప్పుడు ఎవరికీ హాని చేయని ఆ వైరస్‌లు ఆ ఒక్క మనిషి చర్మం మీద చెలరేగి, మచ్చలుగా, పులిపిరులుగా జీవితాంతం నిలిచిపోతాయి. విచిత్రమేమంటే ఆ మనిషికి జలుబు గాని, కామెర్లు గాని, మరొక వైరస్ జ్వరం గాని మిగిలినవారి కంటె ఎక్కువగా రాదు. తక్కిన తలుపులన్నీ భద్రంగానే ఉంటాయి. ఈ ఒక్క తలుపుకే గడియ లేదు.

దీనిని బట్టి ఒక సంగతి స్పష్టమవుతున్నది. ఈ అబ్బాయి నుండి ఇంట్లోవారికి అంటుకోవలసినది ఏమీ లేదు, ఆ వైరస్‌లు ఇప్పటికే అందరి చర్మం మీదా ఉండగలవి, గడియ ఉన్నవారిని అవి ఏమీ చేయలేవు. అతనితో ఒకే పళ్లెంలో తినవచ్చును, ముసాఫహా చేయవచ్చును, నమాజు వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడవచ్చును. కుష్ఠు రోగికి దూరంగా ఉండమని వచ్చిన హదీసును కొందరు ఇటువంటివారి మీద ప్రయోగిస్తున్నారని విన్నాము. ఇది కుష్ఠు కాదు. అంటువ్యాధి దానంతట అది ఎవరినీ ఏమీ చేయలేదని చెప్పే హదీసు కూడా అదే గ్రంథాలలో ఉన్నదని, రెండింటినీ కలిపి అర్థం చేసుకోవాలని ప్రతి మదరసాలో బోధిస్తాము. పైగా నేడు కుష్ఠు కూడా మందులతో పూర్తిగా నయమయ్యే వ్యాధియే. ఆ పేరు పెట్టి మనుషులను వెలివేసే కాలం గడిచిపోయినది, గడిచిపోవాలి.

ఇంకొక మాట ఇక్కడే చెప్పి ముందుకు సాగుతాము. ప్రవక్త అయ్యూబ్ అలైహిస్సలాం గారి శరీరమంతా పురుగులు పట్టినదని, జనం ఆయనను చెత్తకుప్పపై పడవేశారని వర్ణించే ప్రసంగాలు మన పల్లెలలో ఇప్పటికీ వినిపిస్తాయి. ఖురాన్ ఆయనకు బాధ కలిగినదని, ఆయన సహనం చూపారని మాత్రమే చెప్పినది. ఆ జుగుప్సాకరమైన వివరాలు ఇస్రాయీలీ కథనాల నుండి వచ్చి చేరినవని, ప్రవక్తల గౌరవానికి తగవని పరిశోధకులైన ఉలమా ఎప్పుడో తేల్చారు. చర్మరోగి కూర్చున్న సభలో అటువంటి కథ చెప్పి కన్నీళ్లు తెప్పించడం ఏ విధమైన ఉపదేశమో మాకు అర్థం కాదు.

చర్మరోగిని వింతగా చూడడం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇండోనేషియా ఉదంతం చాలును. పశ్చిమ జావాకు చెందిన ఒక వ్యక్తి కాళ్లూ చేతులూ చెట్టుబెరడు వలె పెరిగిన పులిపిరులతో నిండిపోయాయి. లోకం ఆయనకు "చెట్టు మనిషి" అని పేరు పెట్టినది. బ్రతుకు తెరువు కోసం ఆయన తనను తాను ప్రదర్శనకు పెట్టుకోవలసి వచ్చినది. 2008లో బాండుంగ్ నగర వైద్యులు సుమారు 6 కిలోల పులిపిరులను తొలగించారు; అవి మళ్లీ పెరిగాయి. 2016 జనవరిలో ఆయన మరణించారు. అదే నెలలో బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతానికి చెందిన ఒక యువకుడు, బండి తోలుకొని జీవించేవాడు, అటువంటి చేతులతోనే ఢాకా వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరాడు. డాక్టర్ సామంతలాల్ సేన్ నాయకత్వాన వైద్యులు అతనికి కొన్నేళ్లలో 25 దాకా శస్త్రచికిత్సలు చేశారు, ఖర్చు ప్రభుత్వం భరించినది. పులిపిరులు తిరిగి రావడంతో, నొప్పి తట్టుకోలేక, చేతులు తీసివేయమని ఒక దశలో అతడే వేడుకున్నాడు. ఈ ఇద్దరి పేర్లూ లోకమంతటికీ తెలుసు, మేము మాత్రం వ్రాయము. వారి చేతులను చూసినవారు కోట్లమంది, వారి గోడు విన్నవారు ఎందరో!

గాజువాక తల్లి కంగారు పడకూడదు. ఆమె కుమారుని వ్యాధి ఆ రూపం దాల్చుతుందని మేము అనడం లేదు. అంత ఘోరమైన రూపం ఎంతో అరుదు, అందులో చాలావరకు వైరస్ రకమూ వేరు, జన్యులోపమూ వేరు. ఇరాన్‌లోని ఒక కుటుంబంలో అటువంటి రూపానికి పూర్తిగా మరొక జన్యువు కారణమని 2021లో బయటపడినది. అక్కడ కూడా తల్లిదండ్రులు పరస్పరం బంధువులే. ఇక ఆ తల్లి ఉత్తరంలోని అసలు ప్రశ్నకు వస్తాము.

మనిషికి ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. ఈ వ్యాధిలో ఒక ప్రతి చెడినా రెండవది పని చేస్తూనే ఉంటుంది కనుక ఆ మనిషికి ఏ రోగమూ కనిపించదు. అటువంటివారిని వైద్యులు వాహకులు అంటారు. భార్యాభర్తలిద్దరూ ఒకే లోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు రెండు చెడిన ప్రతులూ చేరి వ్యాధి రావడానికి, నాలుగింట రెండు వంతులు బిడ్డ వాహకుడు కావడానికి, నాలుగింట ఒక వంతు ఏ లోపమూ లేకుండా పుట్టడానికి. ఇది తల్లి తప్పు కాదు, తండ్రి తప్పు కాదు. "నీ వైపు నుండి వచ్చినది" అని కోడలిని ఎత్తిపొడిచే అత్తగారికి ఈ ఒక్క లెక్క చెప్పండి: ఇద్దరి నుండీ రానిదే ఈ వ్యాధి రాదు.

ఈ తల్లిదండ్రులిద్దరూ అన్నదమ్ముల పిల్లలట. తాత నుండో నానమ్మ నుండో ఒకే చెడిన ప్రతి రెండు కొమ్మలగుండా దిగి వచ్చి వీరి బిడ్డలో కలిసి ఉంటుంది. మన రాష్ట్రంలో ఇది కొత్త సంగతి కాదు. ప్రసిద్ధ శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ మన దేశానికి వచ్చి స్థిరపడిన రోజులలో ఆయన శిష్యుడు కృష్ణ ద్రోణంరాజు, వైద్యుడు పి. మీరాఖాన్ కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని దగ్గరి బంధువుల వివాహాలను పరిశోధించి 1960లోనూ, 1963లోనూ ఫలితాలు ప్రచురించారు. మీరాఖాన్ తరువాత హాలెండ్‌లోని లైడెన్‌లో జన్యుశాస్త్రంలో పని చేశారు. మన పిల్లలు ఇటువంటి పేర్లు కూడా తెలుసుకోవాలి. అరవై ఏళ్లు దాటినా పరిస్థితి పెద్దగా మారలేదు. నేటికీ రాష్ట్రంలో సుమారు నాలుగు వివాహాలలో ఒకటి బంధువుల మధ్యనే జరుగుతున్నది. మన పొరుగున ఉన్న హిందూ కుటుంబాలకు పినతల్లి కుమారుడు అన్నదమ్ముడు, నిషిద్ధుడు; మనకు అతడు నికాహ్‌కు తగినవాడు. వారిలో కొందరికి మేనమామ వరుడు కాగలడు. మనకు అతడు మహ్రమ్, అంటే శాశ్వతంగా నిషిద్ధుడు. ఎవరి హద్దులు వారివి. రక్తపు లెక్క మాత్రం అందరికీ ఒక్కటే.

ఇప్పుడు అమ్మాయి సంగతి. ఆమె ఆరోగ్యవంతురాలు కనుక వాహకురాలై ఉండే అవకాశం మూడింట రెండు వంతులు. ఆమె ఖాలా, అంటే ఈ తల్లి చెల్లెలు, వాహకురాలై ఉండే అవకాశం రెండింట ఒక వంతు. ఆ ఖాలా కుమారుడు వాహకుడై ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. ఖాలా భర్త వేరే కుటుంబం నుండి వచ్చినవాడని ఉత్తరంలో వ్రాశారు, అందుచేత ఈ లెక్క నిలుస్తుంది. ఆయన కూడా రక్తసంబంధీకుడైతే ముప్పు ఇంకా పెరిగేది. వీరిద్దరికీ నికాహ్ జరిగితే ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఆరింట ఒక వంతు, పుట్టే ప్రతి బిడ్డకూ వ్యాధి వచ్చే అవకాశం 24లో ఒక వంతు. బంధుత్వం లేని ఇంటికి ఆమెను ఇస్తే ఆ అవకాశం దాదాపు శూన్యానికి చేరుతుంది, ఎందుకంటే బయటి కుటుంబాలలో ఈ లోపం అత్యంత అరుదు.

24లో ఒకటి. దీనిని పెద్ద ముప్పు అనవచ్చునా? 23 మంది పిల్లలకు రాదు గదా అని పెద్దలు అంటారు. ఆ 24వ బిడ్డ ఏ ఇంట్లో పుడుతుందో ఆ ఇంటికి అది నూటికి నూరు పాళ్లు. పదకొండేళ్లుగా ఆ బిడ్డ మచ్చలను చూస్తూ నిద్రపోని తల్లికి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు.

ఇక ధర్మశాస్త్రం. దగ్గరి బంధువుల పిల్లలను వివాహమాడడం ధర్మసమ్మతమే, ఇందులో సందేహానికి తావులేదు. అన్నిసా అధ్యాయంలో నిషిద్ధులైన స్త్రీల పట్టిక ఉన్నది, అందులో పినతల్లి, మేనత్త, మేనమామ, చిన్నాన్నల సంతానం లేదు. దైవప్రవక్త (స) తమ మేనత్త కుమార్తె జైనబ్ (రజి) గారిని వివాహమాడారు. కాబట్టి దీనిని నిషిద్ధమనేవాడు తప్పు చెబుతున్నాడు. కాని అనుమతించబడినది తప్పనిసరి కాదు. ఈ రెండింటి నడుమ ఉన్న తేడాను మరచిపోవడమే మన ఇళ్లలో అసలు చిక్కు. ఇమామ్ గజాలీ వధువులో చూడవలసిన లక్షణాలను వివరిస్తూ ఆమె మరీ దగ్గరి బంధువు కాకపోవడాన్ని వాటిలో చేర్చారు. హంబలీ పండితుడు ఇబ్ను ఖుదామా కూడా దూరపు వారిని ఎన్నుకోవడాన్నే మెచ్చుకున్నారు, సంతానం దృఢంగా ఉంటుందన్న ఆలోచన అందులో ఉన్నది. ఈ విషయమై హదీసుగా ప్రచారంలో ఉన్న ఒక వాక్యానికి ఆధారం లేదని హదీసు విమర్శకులు తేల్చారు, కనుక దానిని ప్రవక్త మాటగా ఎవరూ చెప్పకూడదు. కాని పండితుల ఆ అభిప్రాయం వారి అనుభవం మీద నిలిచి ఉన్నది. సూక్ష్మదర్శినులు లేని కాలంలో, జన్యువు అన్న మాటైనా పుట్టని కాలంలో, వారు కుటుంబాలను చూసి ఈ మాట అన్నారు.

రక్తసంబంధాన్ని తెంచడం మహాపాపమే. అయితే పిల్లను ఇవ్వకపోవడం రక్తసంబంధాన్ని తెంచడం కాదు. పండుగకు వెళ్లకపోవడం, కష్టంలో పలకరించకపోవడం, అప్పు అడిగితే మొహం చాటేయడం, ఇవి తెంచడం. చెల్లెలి కుమారునికి మంచి సంబంధం వెదికి పెట్టి, ఆ నికాహ్‌కు పెద్దక్కగా ముందు నిలబడడం సంబంధాన్ని కలపడమే అవుతుంది. అనకాపల్లి ఇంటికి ఈ తల్లి ఆ విధంగానే వెళ్లాలి.

వెళ్లినప్పుడు జబ్బు పేరు దాచవచ్చునా? దాచకూడదు. ఇది మా ఒక్కరి అభిప్రాయం కాదు. ఫాతిమా బిన్త్ ఖైస్ (రజి) తమకు వచ్చిన రెండు సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ ఇద్దరిలో ఉన్న లోటుపాట్లను దాచకుండా చెప్పి, మూడవ వ్యక్తిని సూచించిన ఉదంతం సహీహ్ ముస్లింలో ఉన్నది. నికాహ్ విషయంలో ఉన్న లోపం చెప్పడం గీబత్ కాదని ఉలమా దీని ఆధారంగానే నిర్ణయించారు. ఒక ఇంటి పరువు కోసం దాచిన జబ్బు మరొక ఇంటిలో పసిబిడ్డ ఒంటి మీద తేలినప్పుడు ఆ పరువు ఏమవుతుంది? పైగా ఈ మాట చెల్లెలికి తెలియడం చెల్లెలికే అవసరం. ఆమె కుమారులు, కుమార్తెలు కూడా వాహకులై ఉండవచ్చును. వారికి అదే కుటుంబంలో వేరే కొమ్మ నుండి సంబంధం చూస్తుంటే ఆ ముప్పు వారి ముందూ ఉన్నట్లే.

ఇరు కుటుంబాలకూ ఈ సంబంధమే కావాలన్న పట్టుదల ఉంటే దానికి కూడా దారి ఉన్నది, లెక్కలతో ఊగిసలాడనక్కర లేదు. ముందు అబ్బాయి రక్తాన్ని జన్యుపరీక్షకు ఇవ్వాలి. ఏ జన్యువులో ఏ లోపమో తెలిసిన తరువాత అమ్మాయిని, ఖాలా కుమారుని ఆ ఒక్క లోపం కోసమే పరీక్షిస్తారు. ఇద్దరిలో ఏ ఒక్కరు వాహకులు కాకపోయినా ఆ లోపం వలన బిడ్డలకు ఈ వ్యాధి వస్తుందన్న భయం ఉండదు. అనుమతించబడిన నికాహ్, నిశ్చింతగా చేసుకోవచ్చును. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి, సి.డి.ఎఫ్.డి. సంస్థ కలిసి ఇటువంటి జన్యు వ్యాధుల పరీక్షలూ సలహాలూ అందిస్తున్నాయి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో వాటికి విశిష్ట కేంద్రంగా గుర్తింపు ఉన్నది. విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్ర విభాగం ఉన్నది, మొదట అక్కడ విచారించవచ్చును. కొన్ని కుటుంబాలలో తెలిసిన జన్యువులలో ఏ లోపమూ దొరకదు, అప్పుడు పైన చెప్పిన లెక్కనే ఆధారం చేసుకోవాలి.

ఉత్తరంలో అడగకపోయినా అబ్బాయి నికాహ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇటువంటి యువకులకు "ఇక నీకు పెళ్లేమిటి" అనేవారు ప్రతి వాడలో ఉంటారు. అతడు బంధుత్వం లేని అమ్మాయిని వివాహమాడితే పుట్టే పిల్లలందరూ వాహకులవుతారు, కాని రోగులు కారు. ఆమె కూడా వాహకురాలైతే తప్ప, అది అత్యంత అరుదు. అదే ఖాలా కుమార్తెను చేసుకుంటే ప్రతి బిడ్డకూ ముప్పు ఎనిమిదింట ఒక వంతు. సోదరికి ఉన్నదానికి మూడింతలు. కనుక దగ్గరి సంబంధం వద్దని గట్టిగా చెప్పవలసినది ఇతని విషయంలోనే. ఇంట్లో ఇంకా చిన్న పిల్లలుంటే వారి మెడ, ఛాతీ, చేతుల వెనుక భాగం ఒకసారి చర్మవైద్యునికి చూపించండి. తగ్గని శోభి ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఉన్నదంటే అది శోభి కాకపోవచ్చును.

ఇక చికిత్స. ఈ వ్యాధిని వేళ్లతో సహా పెకలించే మందు నేటికీ లేదు. పులిపిరులను చలువ వాయువుతో మాడ్చడం, కొన్ని పూతమందులు, రెటినాయిడ్ మాత్రలు, అవసరమైనచోట శస్త్రచికిత్స, ఇవే ఉన్న సాధనాలు. మాత్రలు మానితే పులిపిరులు తిరిగి వస్తాయి. సున్నం, సోడా, ఆమ్లం, తలవెంట్రుక కట్టడం, ఇవన్నీ మానాలి. దువాకు మేము ఎన్నడూ అడ్డు చెప్పము, అది చికిత్సకు తోడు, బదులు కాదు. మనవాళ్లు తరచు అడిగే మరొక సంగతి: ఆడపిల్లలకు ఇప్పుడు ఇస్తున్న పాపిలోమా టీకా ఈ వ్యాధికి పనికివచ్చేది కాదు, అది వేరే రకాల కోసం. అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుండి రక్షణకు దానిని వేయించవలసినదే, దానిపై ప్రచారంలో ఉన్న అపోహలకు మరో నెల జవాబు వ్రాస్తాము. చికిత్స తరువాత చేతికి కట్టు ఉంటే వుజూలో దాని మీద తడి చేతితో మసహ్ చేస్తే చాలును, కట్టు విప్పి పుండు తడపనక్కర లేదు.

అసలు భయపడవలసినది క్యాన్సర్ గురించి. ఈ వ్యాధి ఉన్నవారిలో సుమారు 30 నుండి 60 శాతం మందికి చర్మ క్యాన్సర్ వస్తుందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి, అదీ ఎక్కువగా ఇరవై నుండి నలభై ఏళ్ల నడుమ, నుదురు, చెంపలు, చేతుల వంటి ఎండ తగిలే చోట్ల. నల్లని చర్మం ఉన్నవారిలో ఇది తక్కువే, లేదని కాదు. వైరస్‌కు తోడు ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేరినప్పుడే పులిపిరి క్యాన్సర్‌గా మారుతుంది. ఓడరేవు, చేపల రేవు, నిర్మాణపు పనులు ఉన్న ఊరిలో ఎండలేని పని దొరకడం ఎంత కష్టమో మాకు తెలియనిది కాదు. అయినా ఇతనికి అదే మందు. ఉదయం పది నుండి సాయంత్రం నాలుగు దాకా ఎండలో ఉండకూడదు. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, వైద్యులు చెప్పిన ఎండపూత, మబ్బు పట్టిన రోజున కూడా. ఆరు నెలలకొకసారి చర్మవైద్యుని వద్ద ఒళ్లంతా చూపించుకోవాలి. ఏ మచ్చ అయినా గట్టిపడినా, పుండు పడి మానకపోయినా, రక్తం కారినా ఆ గడువు కోసం ఆగకుండా వెళ్లాలి, తొలిదశలో కోసి తీసివేస్తే ప్రాణభయం ఉండదు. అటువంటి గడ్డకు రేడియేషన్ చికిత్స ఈ రోగులకు మేలు కంటె కీడు చేస్తుంది. వేరే ఊరిలో వేరే వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు వ్యాధి పేరు వ్రాసిన ఆ కాగితం తప్పక చూపించాలి.

ఇప్పుడు తండ్రిగారికి ఒక మాట. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర ఉండే వేడికీ ఈ వ్యాధికీ సంబంధం లేదు, వేడి వేరు, కిరణాలు వేరు. వెల్డింగ్ అలా కాదు. ఆ నీలిమంట నుండి వెలువడే అతినీలలోహిత కిరణాలు ఎండను మించినవి. ముఖానికి కవచం, చేతులకు తొడుగులు ఉన్నా మెడ, మణికట్టు వంటి చోట్ల రోజూ తగులుతూనే ఉంటాయి. పని ఒత్తిడిలో కవచం ఎన్నిసార్లు పక్కన పెడతారో ఆ పని చేసినవారికి తెలుసు. ఆరోగ్యవంతులకు అది కన్ను మండే ఇబ్బంది, ఈ అబ్బాయికి అది ప్రతిరోజూ క్యాన్సర్‌కు వేసే ఎరువు. అదే ఐ.టి.ఐ.లో కంప్యూటర్ ఆపరేటర్, ఎలక్ట్రానిక్స్ వంటి నీడపట్టు శిక్షణలు కూడా ఉంటాయి. దరఖాస్తులో వెల్డర్ అని వ్రాసి ఉంటే గడువు ముగియకముందే మార్పించండి.